షాబాద్ బండల మీద లెక్కలు

మొన్న అశోక్‌నగర్‌లో ఒక జిరాక్స్ షాపు ముందు ఇరుక్కుపోయాను. కరెంటు పోయింది. షాపతను ఇప్పుడే వస్తుందని నాకు చెప్పి, తాను మాత్రం చాయ్ తాగడానికి వెళ్ళిపోయాడు. పక్కన కోచింగ్ సెంటర్ మెట్ల మీద కొందరు పిల్లలు గుంపుగా కూచున్నారు. ఏదో సర్కారు కొలువు పరీక్షకు చదువుతున్నట్టున్నారు. ఒకడు సుద్దముక్కతో మెట్టు మీదే లెక్క వేసి చెబుతున్నాడు. మిగతావాళ్ళు వాణ్ణి తిన్నగా చెప్పనివ్వడం లేదు. అందులో ఒక అమ్మాయి, "జర ఆగన్నా, గీడిదాంక సమజైంది. ఆ తర్వాతది ఎట్లొచ్చిందో మళ్ల చెప్పు" అంది.

అంతే, నాకు తడి సుద్ద వాసన వచ్చింది. నిజంగా వచ్చిందో, నా ముక్కే కల్పించుకుందో తెలియదు. మా చిక్కడపల్లి ఇంట్లో సాయంత్రం పూట వరండా కడిగితే వచ్చే వాసన అది. కరెంటు వచ్చి జిరాక్సు చేతికందాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాను.

చిన్నతనం గురించి చెప్పేవాళ్ళంటే నాకు కొంచెం ఒళ్ళుమంట. ఆ రోజుల్లో అంతా బంగారమే అన్నట్టు మాట్లాడతారు. మా ఇంట్లో బంగారమేమీ లేదు. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. వాన పడితే వంటింట్లో గిన్నెలు పరచాలి. గల్లీలోకి ఆటో వస్తే మనిషి గోడకు అతుక్కుపోవాలి. కానీ వరండా మాత్రం వరండాయే. పొడుగ్గా, వెడల్పుగా, షాబాద్ బండలు పరిచి ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ బండల మీద బోర్లా పడుకుంటే లేవబుద్ధయ్యేది కాదు.

ఆ వరండా మా తాతది. తాత అంటే నాన్నకు నాన్న. అప్పటికే ఎనభైకి అటూ ఇటూ ఉన్నాడు. తెల్ల పైజామా, తెల్ల లాల్చీ వేసుకుని రోజూ పొద్దున్నే నారాయణగూడ దాకా నడిచి, ఇరానీ హోటల్లో చాయ్ తాగి, ఉర్దూ పేపరు చంకలో పెట్టుకుని వచ్చేవాడు. ఆ పేపరు ఇంట్లో ఇంకెవరూ చదవలేరు. నాన్నకు ఉర్దూ మాట్లాడటమే వచ్చు. నాకు తిట్టడం మాత్రమే వచ్చు. తాత లెక్కల ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనా, గల్లీలో అందరికీ 'బీఎస్సీ తాత'. నవాబుల రాజ్యంలో యూనివర్సిటీలో చదివాడని పేరు. హాల్లో ఒక ఫోటో ఉండేది. షేర్వానీ తొడుక్కుని, ఎర్ర రూమీ టోపీ పెట్టుకున్న బక్కపలుచని కుర్రాడు. ఫోటో నలుపు తెలుపే గానీ టోపీ ఎర్రదని నానమ్మ చెప్పేది. అది తుడిచినప్పుడల్లా, ఈ టోపీ చూసే మోసపోయానని ఒకసారి గొణుక్కునేది.

ఆ కాలంలో యూనివర్సిటీలో చదువంతా ఉర్దూలోనే. లెక్కలు కూడా ఉర్దూలోనే చెప్పేవారట. అందుకే తాతకు తెలుగు మాట్లాడటానికీ, ఉర్దూ లెక్క చెయ్యడానికీ. కూరగాయల బండి దగ్గర కూడా పెదాలు కదుపుతూ జమా, జరబ్, తఖ్సీమ్ అనుకుంటూ కూడికలూ హెచ్చవేతలూ భాగహారాలూ చేసేవాడు. నాకు జామెట్రీ నేర్పింది ఆయనే. త్రిభుజం ముసల్లస్, కోణం జావియా, వృత్తం దాయరా. ఒకరోజు మా ఇంగ్లీషు మీడియం బడిలో టీచరు బోర్డు మీద బొమ్మ గీసి ఇదేమిటని అడిగితే, అందరికంటే ముందు లేచి ముసల్లస్ అన్నాను. క్లాసు క్లాసంతా పగలబడి నవ్వింది. ఇంటికొచ్చి ఏడిస్తే తాతకు ఆశ్చర్యమేసింది. జవాబు సరిగ్గానే చెప్పావు కదా, మరి ఏడుపెందుకన్నాడు.

తాత గురించి ఇంకో మాట. గల్లీలో ఎవరైనా, తాతా బీఎస్సీలో నీకు ఏ క్లాసొచ్చింది అని అడిగితే ఆయనకు దగ్గొచ్చేది. ఎంత దగ్గంటే, అడిగినవాళ్ళే పోయి మంచినీళ్ళు తేవాల్సి వచ్చేది. ఇంకొకటి కూడా ఉంది. బస్సు యూనివర్సిటీ ముందునుంచి పోతే ఆయన కిటికీ వైపు నుంచి మొహం తిప్పుకునేవాడు. అటునుంచి ఎండ కొడుతుందేమో అనుకునేదాన్ని.

తెలంగాణ కోసం కొట్లాట జోరు మీదున్న రోజులవి. పొద్దున లేస్తే బందు. బడులు బందు, బస్సులు బందు, కొట్లు బందు. పెద్దవాళ్ళు దిగులుపడేవారు. మాకేం దిగులు? గల్లీ అంతా మాదే. పొద్దున్నే టీవీ ముందు కూచుని, బందు అనగానే పుస్తకాల సంచీ మంచం కిందికి తన్నేదాన్ని. యూనివర్సిటీ సంగతి మాత్రం వేరుగా ఉండేది. అక్కడ గేటుకు అటు పిల్లలు, ఇటు పోలీసులు. క్లాసులు లేవు. పరీక్షలు వాయిదా మీద వాయిదా. చివరికి హాస్టలు మెస్సు కూడా మూసేశారు. అప్పుడు వచ్చింది మా ఇంటికి వదిన.

వదిన అంటే మా మేనత్త కూతురు. జనగామ వైపు పల్లెటూరు వాళ్ళది. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ లెక్కలు, ఆఖరి సంవత్సరం. ఒక చేతిలో ట్రంకుపెట్టె, ఇంకో చేతిలో హాస్టలు బకెట్టు పట్టుకుని, కళ్ళు ఎర్రగా చేసుకుని గుమ్మంలో నిలబడింది. నానమ్మ దగ్గరికి తీసుకోబోయి ముక్కు మూసుకుంది. మిరపకాయలు మాడబెట్టినట్టు ఈ వాసనేమిటని అడిగింది. వదిన ఏదో సెంటు పేరు చెప్పినట్టు చల్లగా, "టియర్ గ్యాస్ అమ్మమ్మ" అంది. నానమ్మ ఆమె చున్నీని వేపాకు వేసిన వేడినీళ్ళలో నానబెట్టింది. ఎన్నిసార్లు ఉతికినా ఆ ఘాటు పూర్తిగా పోలేదు.

వదినకు రాష్ట్రమూ కావాలి, ఎమ్మెస్సీ కూడా కావాలి. ర్యాలీ ఉందంటే ముందు వరసలో ఉండేది. ఇంటికొచ్చి అన్నం తింటూ పరీక్షల తేదీలు వచ్చాయా అని పేపరు వెతికేది. లెక్చరర్ కావాలని ఆమె కోరిక. ఆ కోరిక నెరవేరాలంటే ఆ పట్టా చేతికి రావాలి. ఇంకోవైపు వాళ్ళ నాన్న ఒక షరతు పెట్టాడు. ఎండాకాలం లోపల పరీక్షలైతే సరి, లేకుంటే ఇంటికి రావాల్సిందే. వాళ్ళ మండలంలో ఒక ప్రైవేటు బడిలో ఆమెకు టీచరు పని కూడా మాట్లాడిపెట్టాడు. చేతిలో ఉన్న డిగ్రీ దానికి చాలునట. ఒకసారి పోతే ఇక తిరిగి వచ్చేది లేదని వదినకు తెలుసు. ఆ మాట అమ్మతో చెబుతూ పప్పులో రాళ్ళు ఏరుతుంటే, రాళ్ళు పళ్ళెంలోనే ఉండిపోయి పప్పు కింద పడింది.

చదువుదామంటే చెప్పేవాళ్ళు లేరు. సగం పాఠాలు అసలు మొదలే కాలేదు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూచునేది. ఒకరోజు తాత వాలు కుర్చీలోంచి, ఏమిటి ఆ పేజీ పొద్దుటినుంచి తిప్పడం లేదని అడిగాడు.

"క్లాసులే అయితలేవు తాత. ఎవలు చెప్పాలె నాకు?"

"నువ్వే చెప్పు, నాకు. నాకు సమజైతే నీకు వచ్చినట్టే."

వదిన నవ్వింది. కానీ తాత కుర్చీ దగ్గరికి లాక్కుని నిజంగానే చెవి ఒగ్గాడు. ఆమె నోటుబుక్కులో రాసి చూపించింది. కంట్లో శుక్లాలు, పేపర్లో కూడా పెద్దక్షరాల వార్తలే చదివే ఆయనకు అవేమీ ఆనలేదు. ఇంకా పెద్దగా రాయమన్నాడు. ఇంకా పెద్దగా రాస్తే పేజీ చాలలేదు. అప్పుడు వదిన నా బడి సంచీలోంచి సుద్దముక్క తీసి, షాబాద్ బండల మీద వంగి, అరచేతంత అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది.

అలా మొదలైంది మా వరండా యూనివర్సిటీ. రోజూ పొద్దున టిఫిను తర్వాత వదిన సుద్ద పట్టుకుంటే మధ్యాహ్నానికి లెక్క గడప దాటి హాల్లోకి వచ్చేది. దాన్ని ఎవరూ తొక్కకూడదు. అమ్మ చాయ్ గ్లాసులు పట్టుకుని గోడ వెంబడి పిల్లిలా నడిచేది. నాన్న ఆఫీసు నుంచి వచ్చి, ఇంట్లోకి రావాలంటే ఇప్పుడు హాల్ టికెట్టు కావాలేమో అనేవాడు. అశోక్‌నగర్‌లో కిరాయి గదిలో ఉండే వదిన దోస్తులు ఇద్దరు కూడా వచ్చి చేరారు. వాళ్ళదీ అదే క్లాసు, అదే గోస. తాత ముందు వరసలో కుర్చీలో. ఆయన పక్కన కింద నేను. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు గానీ, నేను లేస్తే నా చోట్లో నానమ్మ బియ్యం చెరుగుతూ కూచుంటుందని కదిలేదాన్ని కాదు.

తాత విద్యార్థిగా పరమ మొండివాడు. మధ్యలో ఆగమన్నట్టు చెయ్యెత్తి, "ఠైరో. గిది ఎట్లొచ్చింది?" అనేవాడు. పుస్తకంలో అలాగే ఉందంటే ఒప్పుకునేవాడు కాదు. దోస్తుల్లో ఒకామె, ఈ తాత మా సార్ల కంటే ఖతర్నాక్ అని నా చెవిలో గొణిగింది. అయినా మర్నాడు అందరికంటే ముందు ఆమే వచ్చేది. రావడానికి నానమ్మ చేసే సర్వపిండి కూడా ఒక కారణమనుకోండి. గంజు గిన్నె అడుగున వేగిన బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, కరివేపాకు వాసన రాగానే పాఠం దానంతటదే ఆగిపోయేది.

నేనూ ఊరికే లేను. ఒకరోజు వాళ్ళు తింటున్నప్పుడు, బండ మీద ఉన్న ఒక గుర్తుకు తోకా, తోక చివర చిన్న పువ్వూ పెట్టాను. అది చూసి ముగ్గురూ అదేం గుర్తని సాయంత్రం దాకా వాదించుకున్నారు. ఒకామె దాన్ని పువ్వుతో సహా నోటుబుక్కులో ఎక్కించుకుంది. తాత ఒక్కడే నా వైపు చూసి మీసాల్లో నవ్వాడు. నన్ను పట్టివ్వలేదు.

ఇంట్లో ఈ యూనివర్సిటీ గిట్టనిది నానమ్మకు ఒక్కతికే. దీపాల వేళకు వరండా కడగకపోతే ఆమెకు తోచదు. ఒకరోజు వదిన బయటికి వెళ్ళి వచ్చేసరికి నానమ్మ చీపురు, బకెట్టు పట్టుకుని సగం లెక్క కడిగేసింది. పొద్దుటినుంచి రాసింది తెల్లటి నీళ్ళయి తూములోకి పోతోంది. వదిన నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడింది. నానమ్మకు కంగారు పుట్టింది గానీ ఒప్పుకుంటుందా? ఇల్లన్నాక కడుక్కోరా అని దబాయించింది. వదిన కళ్ళు తుడుచుకుని, తడి ఆరిన తర్వాత మళ్ళీ మొదటినుంచి రాయడం మొదలుపెట్టింది. పుస్తకం తెరవలేదు. చివరి వరస దాకా వచ్చాక అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, పుస్తకం చూడనే లేదని.

ఆ మర్నాటి నుంచి వదినే పిలిచేది. "అమ్మమ్మ, కడుగు" అనేది. నానమ్మ బండలు కడిగేది. అవి ఆరేదాకా వదిన చాయ్ తాగేది. ఆరిన తర్వాత చూడకుండా రాసేది. రాయగలిగితే ఆ పాఠం అయినట్టు, లేకపోతే మర్నాడు మళ్ళీ అదే. తనకు తెలియకుండానే నానమ్మ పరీక్షల అధికారి అయిపోయింది. పెత్తనం కూడా ఆ మేరకు పెరిగింది. ఇవాళ సరిగ్గా చదివినట్టు లేదు, నేను కడగను పో అని చీపురు దాచేసేది.

ఒకరోజు నారాయణగూడ చౌరస్తాలో వంటా వార్పూ పెట్టారు. రోడ్డు మీదే పొయ్యి పెట్టి, వండి, అక్కడే కూచుని తినడం. బండ్లు ఆపడానికి అదొక పద్ధతి. మా గల్లీ ఆడవాళ్ళంతా కట్టెలు, వంట బగోనాలు మోసుకుని పోయారు. నానమ్మ తన పెద్ద బగోనా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పులిహోర చింతపండు వాసన సినిమా హాళ్ళ వైపు దాకా పోయింది. నేను పోపులో పల్లీలు ఏరుకు తింటూ రెండుసార్లు దొరికిపోయాను. అన్నం ఉడికేలోపు వదినా, దోస్తులూ తారు రోడ్డు మీద లెక్క మొదలుపెట్టారు. మా బండల కంటే అది నల్లగా ఉంది, సుద్ద బ్రహ్మాండంగా పడుతోంది. ఒక కానిస్టేబులు వచ్చి, వంగి చూసి, ఇది ఏ సంఘం నినాదమని అడిగాడు. నినాదం కాదు అన్నా, లెక్క అని వదిన చెప్పింది. అతను టోపీ తీసి తల గోక్కుని, దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళాడు. మళ్ళీ వచ్చి విస్తరి అడిగి పులిహోర తిన్నాడు.

ఎండలు ముదిరాయి. పరీక్షలు మళ్ళీ వాయిదా వేశారని పేపర్లో పడింది. ఆ రోజు వదిన సుద్ద ముట్టుకోలేదు. తాత కుర్చీలో కూచుని ఎదురుచూసి, చివరికి, 'నవాబు ఉర్దూలో చదువుకోమన్నాడు, ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఇంగ్లీషులో చదువుకోమన్నారు, ఇప్పుడు అసలు చదువే వద్దంటున్నారు' అని తనలో తాను అనుకున్నాడు.

రెండు మూడు రోజులకే మామయ్య వచ్చాడు. వదిన వాళ్ళ నాన్న. భుజాన మక్కకంకుల మూట. ఎప్పుడొచ్చినా నా జడ లాగి పలకరించే మనిషి ఆ రోజు చెప్పులు విడిచి నేరుగా తాత ఎదురుగా కూచున్నాడు. వదిన తలుపు పక్కన నిలబడింది. మామయ్య చెడ్డవాడు కాదు. భయపడ్డాడు. టీవీలో ఆడపిల్లలను జుట్టు పట్టి వ్యాన్లలోకి ఎక్కించడం చూసి మా అత్త అన్నం ముట్టడం లేదట. బడివాళ్ళు కూడా ఇంకెన్నాళ్ళో ఆగరట.

"పిల్లను తోల్కపోత మామ. పరీక్షలు ఎప్పుడైతయో ఆ దేవునికే ఎరుక లేదు. చదివిన కాడికి చాలు" అన్నాడు.

వదిన లోపలికి పోయి ట్రంకుపెట్టె బయటికి లాగింది. ఆ పెట్టె బండ మీద చేసిన చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. నాకు ఏడుపొచ్చింది. తాత కాసేపు ఆ పెట్టె వైపే చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. దగ్గుతాడేమో అనుకున్నాను. దగ్గలేదు.

"అల్లుడా, నేను బీఎస్సీ పాస్ కాలే" అన్నాడు.

ఇంట్లో అందరం కొయ్యబారిపోయాం. తాత నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఆయన ఆ యూనివర్సిటీలో చదువుతుండగా ఢిల్లీ సర్కారు మిలటరీ వచ్చింది. లడాయి కొన్ని రోజులే. వాళ్ళ నాయన ఇదే ఇంట్లో తలుపులు బిగించి అందరినీ కూచోబెట్టాడు. తలుపులు తీసేసరికి రాజ్యం మారిపోయింది. యూనివర్సిటీ మళ్ళీ తెరిచారు. ముందు జెండా మారింది. తర్వాత మనుషులు మారారు. ఆయనకు ప్రాణమైన లెక్కల సారు కరాచీకి వెళ్ళిపోయాడు. తర్వాత పాఠాల భాష మారింది. ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. ఆఖరి పరీక్షలో పేపరు ఇంగ్లీషులో ఇచ్చారు. మొదటి ప్రశ్న, కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత, దాన్ని తాకుతూ పోయే ఒక సరళరేఖ. తాత దాన్ని బైజవీ అన్నాడు. బైజా అంటే గుడ్డట.

"జవాబు నాకు ఎరుకే. పేపరు చూస్తె కోపమొచ్చింది. మా సార్ లేడు, మా మాట లేదు, ఇగ నేనెందుకు కూసోవాలె అని హాల్లకెల్లి లేచొచ్చిన. నాతోటి కూసున్నోళ్ళు గోసపడి ఇంగ్లీషు నేర్చుకున్నరు, లెక్చరర్లైన్రు. ఏ రాజ్యమూ నన్ను ఫేల్ చెయ్యలే అల్లుడా. నేనే లేచొచ్చిన."

నానమ్మ మక్కకంకి పొట్టు ఒలుస్తూ, ఈ సంగతి తనకు పెళ్ళినాడే తెలుసనీ, తన నాయన అన్నీ విచారించుకునే పిల్లనిచ్చాడనీ అంది. తాత గిరుక్కున ఆమె వైపు తిరిగాడు. అన్నేళ్ళు దగ్గింది ఎవరికోసమో పాపం.

తాత మళ్ళీ మామయ్య వైపు తిరిగి, "దీన్ని లేపకు. పరీక్ష అయ్యేదాంక ఈడ కూసోనియ్యి. దాని పూచీ నాది" అన్నాడు.

మామయ్య లేచి, ఆ ట్రంకుపెట్టెను తనే లోపలికి తోశాడు. సాయంత్రం నిప్పుల మీద మక్కకంకులు కాల్చుకుని, ఉప్పూ కారం నిమ్మకాయ రుద్దుకుని తిన్నాం. వదిన ఆ రోజు తిన్నన్ని కంకులు నేనెప్పుడూ చూడలేదు. ఊరికి పోతూ మామయ్య, ర్యాలీలకు పోతే వెనక వరసలో నడవమని ఒక్కటే చెప్పాడు. వదిన తలూపింది. ముందు వరసలోనే నడిచింది.

వానలు పడ్డాక విద్యార్థి సంఘాలు కూడా సరేనన్నాయి, పరీక్షలు జరిగాయి. మొదటి పరీక్ష రోజు తాత ఇస్త్రీ చేసిన లాల్చీ తొడుక్కుని తయారయ్యాడు. ఎందుకని అడిగితే తోడు వస్తానన్నాడు. నేనూ ఎక్కాను ఆటోలో. బర్కత్‌పుర మీదుగా పోయాం. గేటు దగ్గర పోలీసు వ్యాన్లు, లోపల ఆ గులాబి రంగు రాతి భవనం. తాత ఈసారి మొహం తిప్పుకోలేదు. వదిన లోపలికి పోయాక మేమిద్దరం ఎదురుగా చెట్టు కింద కూచున్నాం. నాకు పల్లీలు కొనిపెట్టాడు. తను తినలేదు. కిటికీలన్నీ ఒక్కొక్కటే చూస్తూ, ఆయన కూచున్న గది ఏదో వెతుక్కున్నాడు. దొరికిందో లేదో చెప్పలేదు. మధ్యలో ఒక అబ్బాయి ముందే లేచి బయటికి వస్తే తాత ఉలిక్కిపడి నిలబడ్డాడు.

బెల్లు మోగింది. పిల్లలు గుంపులు గుంపులుగా దిగారు. ఆఖరున వదిన వచ్చింది. చేతులకు సిరా, మొహం వాడిపోయి ఉంది. పేపరు ఎట్లా ఉందని తాత అడగలేదు.

"లేచొచ్చినవా?" అన్నాడు.

"లేవాలనిపించింది తాత. మొదటి ప్రశ్న చూస్తె అంతా మర్చిపోయినట్టైంది. అమ్మమ్మ బండలు కడిగింది అనుకున్న. మళ్ల మొదటి నుంచి రాసిన. బెల్లు కొట్టేదాంక కూసున్న."

తాత ఆమె చెయ్యి తీసుకుని ఆ సిరా మరకల మీద తన బొటనవేలితో రుద్దాడు. తిరిగి వస్తూ నారాయణగూడలో దిగి, మా ఇద్దరినీ తన ఇరానీ హోటలుకు తీసుకుపోయాడు. ఆడపిల్లలను ఆయన అక్కడికి తీసుకుపోవడం అదే మొదలు. వదిన ఎమ్మెస్సీ పాసైంది. కొన్నాళ్ళకు జిల్లాలో ఒక కాలేజీలో లెక్కలు చెప్పడానికి చేరింది. వరండా మళ్ళీ ఉత్త వరండా అయింది. నానమ్మ కడగడానికి అందులో ఏమీ లేక విసుక్కునేది.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆ ఎండాకాలం రోజు చిక్కడపల్లంతా బాణసంచా, డప్పులు, రంగులు. వదిన ముందురోజే దిగింది. పొద్దున్నే తాత కుర్చీలో కూచుని, ఈ ఒక్క ఇంట్లోనే కూచుని నాలుగు రాజ్యాలు చూశానని మాకు చెప్పాడు. నవాబుది, ఆ తర్వాత హైదరాబాదు రాష్ట్రానిది, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్, ఇప్పుడు ఇది. అందరం చౌరస్తాకు పోతుంటే వదిన ఆగిపోయింది. రాజ్యం మారినప్పుడు లేచొచ్చినవు గదా తాత, ఇయ్యాల మళ్ల మారింది, పా, కూసో అంది. సుద్దముక్క తీసుకుని బండ మీద పెద్ద అక్షరాలతో ప్రశ్న రాసింది. కోడిగుడ్డు గీత, దాన్ని తాకుతూ పోయే రేఖ. ఆయన జ్ఞాపకం పెట్టుకున్న ఆ ప్రశ్నే.

తాత మొదట నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు. చాప పరిపించుకుని, పీట మీద కాగితాలు పెట్టుకుని, ఉర్దూలో, పెద్ద పెద్ద అక్షరాలతో, కుడినుంచి ఎడమకు రాయడం మొదలుపెట్టాడు. బయట డప్పులు దద్దరిల్లుతున్నాయి. గల్లీ పిల్లలు గుమ్మం దాకా వచ్చి తాతా రా రా అని పిలిచారు. తలెత్తలేదు. మధ్యలో ఒకసారి, అయిపోయింది, లేవనా అని అడిగాడు. వదిన గడప మీద కూచుని, బెల్లు కాలే తాత అంది. మళ్ళీ తలవంచి రాసిందే దిద్దుకున్నాడు. నానమ్మ వంటింట్లో ఇత్తడి పళ్ళెం పట్టుకుని గడియారం చూస్తూ నిలబడింది. సమయం కాగానే గరిటెతో ఆ పళ్ళెం మీద టంగున కొట్టింది. అప్పుడు లేచాడు తాత.

ఆ ఉర్దూ వదినకు చదవడం రాదు. తాతే పైకి చదివి తెలుగులో చెప్పాడు. వదిన కళ్ళు మూసుకుని విన్నది. ఒకచోట చెయ్యెత్తి, "ఠైరో తాత, గిది ఎట్లొచ్చింది?" అంది. తాత వివరంగా చెప్పాడు. ఆమె తలూపింది. ఫస్ట్ క్లాస్ అని చెప్పి, వంగి ఆయన కాళ్ళకు మొక్కింది. నానమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, పొగ అని చెప్పింది. పొయ్యి వెలిగించనే లేదు.

ఇప్పుడు తాతా లేడు, నానమ్మా లేదు. ఆ ఇంటి చోట ఆడపిల్లల హాస్టలు లేచింది. షాబాద్ బండలు ఎవరు పట్టుకుపోయారో తెలియదు. కానీ ఆ తర్వాత ఆయన బతికిన కొన్నేళ్ళూ నాకు బాగా గుర్తు. గల్లీలో ఎవరు ఆపి, తాతా బీఎస్సీలో నీకు ఏ క్లాసొచ్చింది అని అడిగినా, ఆయనకు దగ్గు రాలేదు.